ఒప్పందాలప్పుడు దేశం, హక్కుల దగ్గర తెగ

2010 జూలైలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో లాక్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. చివర వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆ ఆట ఉత్తర అమెరికా మూలవాసులది. వాళ్లలో హోదినొషోనీ అనే సమాఖ్యవాళ్లయితే దాన్ని సృష్టికర్త ఇచ్చిన ఆటగా, జబ్బులు నయం చేసే ఆటగా చూస్తారు. తీరా పోటీలు మొదలయ్యే వేళకి వాళ్ల జట్టు న్యూయార్క్‌లోనే ఆగిపోయింది. ఆటగాళ్ల చేతిలో ఉన్నవి హోదినొషోనీ పాస్‌పోర్టులు. అందులో కొన్ని వివరాలు చేత్తో రాసి ఉన్నాయి, కొత్త భద్రతా నిబంధనలకు అవి సరిపోవన్నారు. అమెరికా ఆఖరి నిమిషంలో ఈ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది, కానీ బ్రిటన్ వీసా ఇవ్వలేదు. అమెరికా పాస్‌పోర్టులు అప్పటికప్పుడు చేసిస్తాం, తీసుకుని వెళ్లండి అన్న మాట కూడా వచ్చింది. కుర్రాళ్లు వద్దన్నారు. ఇంగ్లండ్‌తో ఆడాల్సిన మొదటి మ్యాచ్ ఆడకుండానే పోయింది.

బయటినుంచి చూస్తే ఇది వీసా గొడవలా కనిపిస్తుంది. ఏదో ఒక పాస్‌పోర్టు మీద వెళ్లి ఆడి రావచ్చు కదా అనిపిస్తుంది కూడా. కానీ ఆ పుస్తకం తీసుకుంటే, మేం అమెరికా దేశస్థులం, మాకంటూ వేరే దేశం లేదు అని సంతకం పెట్టినట్టే అని వాళ్ల లెక్క. ఆ సంతకం వాళ్ల తాతలు పెట్టలేదు, వాళ్లూ పెట్టదలుచుకోలేదు. ఆదివాసీ హక్కులు అనగానే మనకు రిజర్వేషన్లు, పోడు పట్టాలు, సంక్షేమ హాస్టళ్లు గుర్తొస్తాయి. అవన్నీ ఒక ప్రభుత్వం తన ప్రజలకు ఇచ్చేవి. హోదినొషోనీలు అడుగుతున్నది ఇంకా వెనకటి ప్రశ్న, అసలు మా మీద ప్రభుత్వం ఎవరు, ఆ అధికారం మీకు ఎప్పుడు ఎవరిచ్చారు అని.

ఫ్రెంచివాళ్లు ఇరొక్వాయ్ అని పిలిచిన ఈ హోదినొషోనీలు ఒక తెగ కాదు, మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల సమాఖ్య. యూరప్ ఓడలు రాకముందే వాళ్లకొక రాజ్యాంగం లాంటి మహాశాంతి ధర్మం ఉంది, పెద్దల సభ ఉంది, ఆ పెద్దల్ని ఎంపిక చేసే అధికారం, తప్పుచేస్తే దించేసే అధికారం కుటుంబ శాఖల్లోని పెద్ద ఆడవాళ్లకు ఉంది. వచ్చినవాళ్లు కూడా వాళ్లను దేశంగానే చూశారు. చూడక తప్పలేదు, ఎందుకంటే వాళ్ల సాయం లేకుండా ఆ ప్రాంతంలో నిలదొక్కుకోవడం, వ్యాపారం చేయడం, యుద్ధం గెలవడం కుదిరేది కాదు. అందుకే ఒప్పందాలు రాసుకున్నారు. ఊళ్లో రైతులతో ఎవరూ అంతర్జాతీయ ఒప్పందం రాసుకోరు, ఇంకో దేశంతోనే రాసుకుంటారు.

1794 నవంబర్ 11న అమెరికా వాళ్లతో కనన్‌డైగ్వా అనే చోట చేసుకున్న ఒప్పందం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం అమెరికా ప్రభుత్వం ఏటా 4,500 డాలర్ల విలువ చేసే సరుకులు ఇవ్వాలి. నిజంగానే ఇస్తోంది, అందులో భాగంగా నేత బట్ట వస్తుంది. రెండు శతాబ్దాల్లో డాలరు విలువ ఎంత పడిపోయిందో తెలిసిందే కదా, జనానికి పంచితే తలా ఒక చిన్న ముక్క వస్తుంది, చొక్కా కుట్టుకోవడానికి కూడా చాలదు. అయినా తీసుకుంటారు. డబ్బిస్తాం, బట్ట వదిలేయండి అంటే ఒప్పుకోరు. ఎందుకంటే ఆ ముక్క ఇచ్చినంతకాలం ఒప్పందం బతికున్నట్టు, ఒప్పందం బతికున్నంతకాలం అవతలి పక్షం ఒక దేశం అని అమెరికా ప్రతి ఏడూ ఒప్పుకుంటున్నట్టు.

మరి దేశాలతో చేసుకున్న ఒప్పందాలు ఉండగా ఆ దేశాలు ఎక్కడికి పోయాయి? యుద్ధంలో ఓడిపోయి పోలేదు, చాలాచోట్ల పోయింది చట్టం మాటల్లో. 1493లో పోప్ ఒక శాసనం ఇచ్చాడు, క్రైస్తవ రాజుల ఏలుబడిలో లేని కొత్త భూముల మీద స్పెయిన్‌కు హక్కు ఉందని. దీనికి ముందూ వెనకా వచ్చిన అలాంటి శాసనాలన్నీ కలిసి 'ఆవిష్కరణ సిద్ధాంతం' అయ్యాయి. అంటే ముందుగా చూసిన యూరప్ రాజుదే భూమి. అక్కడ అప్పటికే ఉంటున్నవాళ్లు చూడటం లెక్కలోకి రాదు. ఇది మతం మాట అనుకుని వదిలేయడానికి లేదు. 1823లో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్ వర్సెస్ మెకింటాష్ కేసులో దీన్ని దేశ చట్టంలోకి తెచ్చుకుంది. మూలవాసులకు ఉన్నది భూమిలో ఉండే హక్కే తప్ప యాజమాన్యం కాదు, అది 'కనుక్కున్న' దేశానిదే అని తేల్చింది. తర్వాత ఎనిమిదేళ్లకు, 1831లో, చెరోకీల కేసులో ఇంకో మాట పుట్టింది, వీళ్లు 'దేశంలోపలి పరాధీన జాతులు' అని. జాతి అంటూనే పరాధీనం, పరాధీనం అంటూనే జాతి. అమెరికా ఇప్పటికీ ఆ మాట మీదే నడుస్తోంది.

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. ఒనైడాలు తమ పాత భూమిలో కొంత తిరిగి కొనుక్కుని, ఇది మా ఏలుబడిలోని నేల, షెరిల్ అనే ఊరికి పన్ను కట్టం అన్నారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు చెబుతూ, అందులో ఆవిష్కరణ సిద్ధాంతాన్ని ప్రస్తావించింది. ఆ తీర్పు రాసింది ఉదారవాదిగా ప్రపంచమంతా పేరున్న న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. అంటే ఇది మంచి జడ్జి, చెడ్డ జడ్జి సమస్య కాదు. పునాదిలోనే ఆ రాయి ఉంది, దాన్ని కదిపితే పైనున్న భూమి పట్టాలన్నీ కదులుతాయన్న భయం ఉంది. 2023 మార్చిలో వాటికన్ ఆ సిద్ధాంతాన్ని తమది కాదని అధికారికంగా తిరస్కరించింది. దాన్ని వాడుకున్న కోర్టులు మాత్రం అలా అనలేదు.

కయూగా పెద్ద డెస్కాహె కథ ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అంతర్జాతీయ చట్టం తలుపు మూసుకోవడం కళ్లకు కట్టినట్టు కనిపించేది అందులోనే. డెస్కాహె అన్నది పదవి పేరు, ఆయన సొంతపేరు లీవై జనరల్. కెనడాలోని గ్రాండ్ రివర్ దగ్గర ఆరు జాతులవాళ్లు ఉంటారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ పక్షాన నిలిచి భూములు పోగొట్టుకున్నందుకు 1784లో బ్రిటన్ ఆ నదికి రెండు వైపులా ఆరేసి మైళ్ల భూమి రాసిచ్చింది. అందులో ఇప్పుడు వాళ్ల చేతిలో మిగిలింది నూటికి అయిదు వంతులు కూడా లేదు. 1920ల నాటికి కెనడా ప్రభుత్వం వాళ్ల సంప్రదాయ సభను పక్కనపెట్టి తన చట్టాన్ని రుద్దాలని చూసింది, పోలీసుల్ని తెచ్చి వాళ్ల నేల మీదే మకాం పెట్టించింది.

అప్పుడు డెస్కాహె సమాఖ్య ఇచ్చిన పాస్‌పోర్టు పట్టుకుని 1921లో లండన్ వెళ్లాడు. అక్కడ వినలేదు. 1923లో జెనీవా వెళ్లాడు, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి దగ్గరికి. ఆయన వాదన చాలా సూటిగా ఉంది: సమితి ఒడంబడికలో 17వ అధికరణం సభ్యదేశానికీ సభ్యత్వం లేని దేశానికీ మధ్య తగాదా వస్తే ఏం చేయాలో చెబుతుంది, కెనడా సభ్యదేశం, మేం సభ్యత్వం లేని దేశం, మా తగాదా వినండి. సంక్షేమం అడగలేదు, జాలి అడగలేదు. సమితి సొంత నిబంధన ప్రకారమే విచారణ అడిగాడు. తమ ఒప్పందాల్ని గుర్తుంచే వాంపమ్ పట్టీలు, అంటే గవ్వపూసలతో అల్లిన పట్టీలు, వెంట తీసుకెళ్లాడు. ఆ పట్టీల్లో అందరికీ తెలిసింది 'రెండు వరుసలది'. తెల్లపూసల మధ్య ఊదారంగు వరుసలు రెండు పక్కపక్కనే చివరిదాకా సాగుతాయి. ఒకటి వాళ్ల పడవ, ఒకటి వచ్చినవాళ్ల ఓడ. ఒకే నదిలో పోతాయి, ఒకరి చుక్కాని ఇంకొకరు పట్టుకోరు.

కొందరు విన్నారు. ఐర్లండ్, పనామా, పర్షియా, ఎస్టోనియా ఈ విషయం సభ ముందుకు రావాలని అడిగాయి. ఈ నాలుగూ పెద్ద సామ్రాజ్యాల పక్కన నలిగిన దేశాలే, అందుకే ఆయన మాట వాటికి అర్థమై ఉంటుంది. బ్రిటన్ ఇది తమ ఇంటి విషయంలో జోక్యం అంటూ ఒత్తిడి తెచ్చింది, నాలుగూ వెనక్కి తగ్గాయి. డెస్కాహె ఏడాదికి పైగా జెనీవాలో తిరిగాడు, సమితి ముందు మాత్రం ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఆయన అక్కడ ఉండగానే 1924లో కెనడా గ్రాండ్ రివర్ సంప్రదాయ సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టింది, పోలీసులు అక్కడున్న వాంపమ్ పట్టీల్ని స్వాధీనం చేసుకున్నారు. ఆయన మళ్లీ సొంత ఊరికి వెళ్లలేకపోయాడు. 1925 మార్చిలో అమెరికాలోని రాచెస్టర్ రేడియోలో చివరిసారి తన జనం గురించి మాట్లాడి, జూన్ 27న టస్కరోరాల నేల మీద చనిపోయాడు. రెండేళ్ల తర్వాత కెనడా తన చట్టంలో ఇంకో సెక్షన్ చేర్చింది, ప్రభుత్వ అనుమతి లేకుండా మూలవాసుల భూమి కేసుల కోసం చందాలు వసూలు చేయడం నేరమని. 1951 దాకా అది అలాగే ఉంది. న్యాయం అడగడానికి లాయరు ఫీజు పోగుచేయడమే నేరం.

డెస్కాహె పోయిన ఏడు నెలలకు, 1926 జనవరిలో, కయూగాల గురించే బ్రిటన్‌కూ అమెరికాకూ మధ్య నడిచిన మధ్యవర్తిత్వంలో ఒక తీర్పు వచ్చింది. అలాంటి తెగకు అంతర్జాతీయ చట్టంలో ఉనికి లేదని అందులో తేల్చారు. రెండేళ్లకు అమెరికా, నెదర్లాండ్స్ మధ్య నడిచిన పాల్మాస్ దీవి కేసులో ఇంకాస్త ముందుకెళ్లి, స్థానిక నాయకులతో రాసుకున్నవి అంతర్జాతీయ చట్టం అర్థంలో అసలు ఒప్పందాలే కావన్నారు. భూమి రాయించుకునేటప్పుడు అవతల ఉన్నవాడికి సంతకం పెట్టే అధికారం ఉంది, ఇచ్చిన మాట నిలబెట్టుకోమని అడిగేటప్పుడు లేదు. ఇంత పచ్చి అన్యాయాన్ని ఇంత మర్యాదైన భాషలో రాయడం ఆ రోజుల న్యాయశాస్త్రానికే చెల్లింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వలసలు విడిపోయే కాలం వచ్చింది కాబట్టి వీళ్లకూ దారి దొరకాలి. దొరకలేదు. 1960లో ఐక్యరాజ్యసమితి వలస ప్రజలందరికీ స్వయం నిర్ణయాధికారం ఉందని ప్రకటించి, ఆ మర్నాడే ఇంకో తీర్మానంలో వలస అంటే ఏలే దేశానికి భౌగోళికంగా దూరంగా ఉన్న ప్రాంతం అని గీత గీసింది. దీన్ని ఉప్పునీటి సూత్రం అంటారు. మధ్యలో సముద్రం ఉంటే మీరు వలస ప్రజలు, మీకు స్వాతంత్ర్యం వస్తుంది. ఆక్రమించినవాడు మీ నేల మీదే కాపురం పెట్టేస్తే అది వలస కాదు, దేశం. భారత్‌కు, ఘనాకు, కెన్యాకు తెరుచుకున్న తలుపు మోహాక్‌లకు, ఆస్ట్రేలియా మూలవాసులకు మూసుకుపోయింది ఈ ఒక్క గీత వల్ల.

1977 సెప్టెంబర్‌లో హోదినొషోనీలు మళ్లీ జెనీవాలో అడుగుపెట్టారు, తమ పాస్‌పోర్టులతోనే. ఈసారి ఒంటరిగా కాదు, రెండు అమెరికా ఖండాల నుంచీ మూలవాసుల ప్రతినిధులు వచ్చారు. అయిదేళ్లకు ఐక్యరాజ్యసమితిలో వాళ్ల కోసం ఒక కార్యవర్గం ఏర్పడింది, అక్కడినుంచి హక్కుల ప్రకటన బయటికి రావడానికి పాతికేళ్లు పట్టింది. ఆ పాతికేళ్లలో ఎక్కువ గొడవ జరిగింది ఒక బహువచనం మీద అంటే నమ్మరు. ఇంగ్లీషులో 'పీపుల్' అంటే జనం, 'పీపుల్స్' అంటే జాతులు, ప్రజాసమూహాలు. జనానికి హక్కులుంటాయి. జాతులకయితే అంతర్జాతీయ చట్టం ప్రకారం స్వయం నిర్ణయాధికారం ఉంటుంది. అందుకే ప్రభుత్వాలు ఆ చివరి అక్షరం దగ్గర పట్టుబట్టి కూర్చున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989 నాటి 169వ ఒప్పందంలో 'పీపుల్స్' అని రాసి, ఆ మాటకు అంతర్జాతీయ చట్టంలో ఉండే అర్థం ఇక్కడ వర్తించదు అని పక్కనే ఇంకో వాక్యం చేర్చింది.

2007 సెప్టెంబర్ 13న సర్వప్రతినిధి సభలో ప్రకటన నెగ్గింది. అనుకూలం 143, తటస్థం 11, వ్యతిరేకం నాలుగే, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. నాలుగూ మూలవాసుల నేల మీద స్థిరపడి దేశాలైనవే. 2009, 2010లలో ఒక్కొక్కటిగా అవి కూడా ఒప్పుకున్నాయి. ప్రకటన మూడో అధికరణం మూలవాసీ జాతులకు స్వయం నిర్ణయాధికారం ఉందని సూటిగా చెబుతుంది. నాలుగో అధికరణానికి వచ్చేసరికి అది స్థానిక, అంతర్గత వ్యవహారాల్లో స్వపరిపాలన అవుతుంది. ఆఖరిదైన 46లో దేశాల ప్రాదేశిక సమగ్రతకు ఏ భంగమూ కలగకూడదని ఉంటుంది. మొదట్లో ఇచ్చిన మాటకు చివర్లో కంచె వేసినట్టు. పైగా ఇది ప్రకటనే కాబట్టి ఒప్పందంలా దేశాలను నేరుగా కట్టిపడేయదు.

భారత్ అనుకూలంగానే ఓటు వేసింది. వేస్తూ చెప్పిన మాట మాత్రం గమనించాలి: స్వయం నిర్ణయాధికారం పరాయి పాలనలో ఉన్నవాళ్లకే తప్ప స్వతంత్ర దేశంలోని ఒక వర్గం ప్రజలకు కాదని. దానికి తోడు మన ప్రభుత్వాల పాత వాదన ఇంకొకటి ఉంది, భారతీయులంతా ఈ నేల మూలవాసులే, ఇక్కడ విడిగా మూలవాసులు ఎవరూ లేరని. వినడానికి అందర్నీ కలుపుకున్నట్టే ఉంటుంది. కానీ దాని ఫలితం, ఆ ప్రకటనలోని హక్కుల్ని మన దగ్గర ప్రత్యేకంగా ఎవరూ అడగడానికి లేకుండా పోవడం. కార్మిక సంస్థ 1957 నాటి 107వ ఒప్పందాన్ని మన దేశం 1958లోనే ఆమోదించింది, అందులో ఆదివాసుల భూమి మీద ఉమ్మడి యాజమాన్యం కూడా ఉంది. దాని స్థానంలో వచ్చిన 169ని మాత్రం ఇప్పటికీ ఆమోదించలేదు.

హక్కుకూ సార్వభౌమత్వానికీ తేడా ఎక్కడుందో తెలియాలంటే 'సమ్మతి' అన్న మాట దగ్గర ఆగాలి. ప్రకటన ప్రకారం మూలవాసుల నేల మీద గనో ఆనకట్టో తలపెడితే ముందుగా, అన్నీ వివరంగా చెప్పి, ఏ ఒత్తిడీ లేకుండా వాళ్ల సమ్మతి తీసుకోవడానికి ప్రభుత్వం సంప్రదింపులు జరపాలి. ప్రభుత్వాలు 'సంప్రదింపులు' అన్న ముక్కను గట్టిగా చదువుతాయి, మూలవాసులు 'సమ్మతి' అన్న ముక్కను చదువుతారు. ఈక్వెడార్‌లో సరయాకు అనే కిచ్వాల ఊరిని అడగకుండానే చమురు కంపెనీ వాళ్ల అడవిలో సుమారు 1,400 కిలోల పేలుడు పదార్థం పాతిపెట్టింది. 2012లో అమెరికా ఖండాల మానవహక్కుల కోర్టు ఈక్వెడార్‌ది తప్పని తేల్చింది. గొప్ప తీర్పే, కానీ అందులో గెలిచింది 'అడగాలి' అన్న సూత్రం. వాళ్లు కాదంటే ప్రతిసారీ ఆగిపోవాలా అన్నది అంత గట్టిగా తేలలేదు.

మన దగ్గర ఈ తేడా రెండు కేసుల్లో బాగా కనిపిస్తుంది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలం నిమ్మలపాడు దగ్గర గిరిజనుల భూముల్ని ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చిన వ్యవహారంలో 1997 జూలైలో వచ్చిన సమత తీర్పు, ప్రభుత్వం కూడా 1/70 చట్టం దృష్టిలో గిరిజనేతర 'వ్యక్తే', షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వడం కుదరదని చెప్పింది. మన్యానికి అది ఇప్పటికీ గొడుగు. అయితే అక్కడ లీజు ఆగింది ఊరు వద్దన్నందుకు కాదు, చట్టం ఒప్పుకోనందుకు. ప్రభుత్వ సంస్థ తవ్వుకుంటానంటే ఆ తీర్పులో దారి ఉండనే ఉంది. 2015లో చింతపల్లి అడవుల్లో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది ఆ దారిలోనే. మన్యం లేచి నిలబడింది కాబట్టి 2019లో రద్దయింది. ఒడిశాలో బాక్సైట్ గని తలపెట్టిన నియమగిరి కొండ కథ దీనికి భిన్నం. 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. ఒడిశా ప్రభుత్వం కొండ చుట్టూ ఉన్న అన్ని ఊళ్లనీ కాకుండా పన్నెండింటినే ఎంచింది. అయినా పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. జిల్లా జడ్జి ఎదుట కూర్చుని అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోందులు ఈ కొండ మా నియమరాజు ఇల్లు అని చెప్పారు. గని ఆగింది. ఆ కొన్ని వారాలు ఆ ఊళ్లు తమ నేల మీద తాము నిర్ణయం తీసుకున్నాయి. సార్వభౌమత్వం అన్న మాట ఎవరూ వాడలేదు గానీ అక్కడ జరిగింది అదే. గోండుల 'మావ నాటే మావ రాజ్', మా ఊళ్లో మా రాజ్యం అన్న నినాదం అడిగేదీ అదే.

ఇలా అందరికీ ఒప్పుకుంటూ పోతే దేశాలు ముక్కలైపోవా అని ఎవరైనా అడుగుతారు. ఇది ఉత్త భయం కాదు, ఆఫ్రికా దేశాలు ఇదే కారణంతో 2006లో ప్రకటనను ఏడాది ఆపాయి. కానీ జరిగినవి చూస్తే భయపడినట్టు లేవు. 2009 చట్టంలో డెన్మార్క్ గ్రీన్‌లాండ్ వాసుల్ని అంతర్జాతీయ చట్టం ప్రకారం స్వయం నిర్ణయాధికారమున్న ప్రజలుగా గుర్తించింది, డెన్మార్క్ కూలిపోలేదు. హోదినొషోనీలు న్యూయార్క్‌ను ఖాళీ చేయమనడం లేదు. రెండు వరుసల పట్టీలో ఉన్నదే అడుగుతున్నారు, నది ఒకటే, చుక్కాని ఎవరిది వాళ్లదే. సార్వభౌమత్వం అంటే ఒక చోట ఒక్కరికే ఉండే, ముక్కలు చేయలేని వస్తువు అన్నది యూరప్ నుంచి వచ్చిన ఊహ. కేంద్రం, రాష్ట్రాలు అధికారాలు పంచుకుని నడిచే దేశంలో ఉన్నవాళ్లకు అది అంత పవిత్రంగా అనిపించాల్సిన పనిలేదు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాక్రాస్ ఉంటుందని 2023లో నిర్ణయమైంది. 2014, 2018, 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు మూడింట్లోనూ పురుషుల విభాగంలో కాంస్యం తెచ్చుకున్న హోదినొషోనీలు తమ జెండా కింద ఆడతామని అడిగారు, ఆ ఏడాది డిసెంబర్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ కూడా వాళ్ల తరఫున మాట్లాడారు. ఒలింపిక్ కమిటీ నిబంధన చూపించింది: ఆడాలంటే జాతీయ ఒలింపిక్ కమిటీ ఉండాలి, ఆ కమిటీ ఉండాలంటే అంతర్జాతీయ సమాజం గుర్తించిన స్వతంత్ర దేశం అయ్యుండాలి. కావాలంటే అమెరికా జట్టులోనో కెనడా జట్టులోనో ఆడుకోవచ్చు. అంటే మళ్లీ ఆ పాస్‌పోర్టు తీసుకోవాలి.